అడక్కుండా వచ్చేవాళ్ళు

కింద వాటాలో బావకి తాళాల పిచ్చి, పై వాటాలో మరదలికి టవర్ల పిచ్చి. మధ్యలో అక్క నలిగిపోతోందని చూసినవాళ్ళు జాలిపడతారు గానీ, నిజానికి ఆ ఇంట్లో అందరికంటే హాయిగా ఉండేది అక్కే. ఆ ఇద్దరూ వాదించుకుంటూ ఉంటే ఆవిడకి టీవీ పెట్టాల్సిన పనే ఉండదు.

మరదల్ని ఆఫీసులో అందరూ టవరమ్మ అంటారు. మొబైల్ ఫోన్ల కంపెనీలో నగరం మొత్తానికి టవర్ల మీద ఉండే యంత్రాల బాధ్యత ఆవిడది. ఎక్కడ సిగ్నల్ పోయినా, ఎవరి మాట మధ్యలో తెగినా తిట్లు వచ్చి పడేది ఆవిడ నెత్తినే. భర్త ఓడలో ఇంజనీరు, నెలల తరబడి నీళ్ళ మీదే ఉంటాడు. అందుకని టవరమ్మ భోజనం, కబుర్లు, కోపతాపాలు అన్నీ కింద వాటాలోనే. ఆ ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తీసుకుని వచ్చేస్తుంది, పైన కాఫీ పొడి అయిపోతే కింది డబ్బా ఎత్తుకుపోతుంది. బావకి ఇది గిట్టదు.

"ఇల్లన్నాక తలుపు ఉంటుంది. తలుపన్నాక కొట్టి రావడం అనేది ఒకటుంటుంది," అంటాడు.

"సొంత మనిషి కూడానా బావా?"

"సొంత మనిషైతే మరీను. పరాయివాడు ఎలాగూ కొట్టే వస్తాడు."

బావ ఉద్యోగమూ తాళాలదే. దేశంలోని ఫోన్ల వ్యవస్థకి ఎక్కడ కన్నాలున్నాయో వెతికే ప్రభుత్వ కార్యాలయంలో పెద్ద అధికారి. ఇంట్లోనూ ఆ బుద్ధి పోదు. రోజూ పడుకోబోయే ముందు ముందు తలుపు, వెనక తలుపు, కిటికీల గడియలు, గ్యాసు మీట వరసగా చూసి, మళ్ళీ మొదటి నుంచీ చూస్తాడు. "మా ఆయన తాళాలు వేసేది దొంగల కోసం కాదు, నిద్ర పట్టడం కోసం," అంటుంది అక్క. ఆవిడ గుట్ట మీద పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. నిద్ర విలువ ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ ఏడాది ఇంట్లో వాదనకి కారణం ఒక ఉత్తర్వు. ఫోన్ల వ్యవస్థలో ఉన్న చైనా కంపెనీ యంత్రాలన్నీ తీసెయ్యాలని దాని సారాంశం. రాసింది బావ. అమలు చెయ్యాల్సింది మరదలు.

తమాషా ఏమిటంటే, ఆ ఉత్తర్వుకి విత్తనం వేసింది కూడా టవరమ్మే. అప్పట్లో నగరంలో సగం టవర్ల మీద చైనా కంపెనీ పెట్టెలు, మిగతా సగం మీద ఒక మిత్రదేశపు కంపెనీ పెట్టెలు ఉండేవి. చైనా కంపెనీ తరఫున అక్కణ్ణుంచే సాయం చేసే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. మన భాషలో ఆయనకి వచ్చింది ఒకటే మాట, శుభోదయం. పొద్దునైనా సాయంత్రమైనా ఫోనెత్తగానే అదే అంటాడు. మిగతా సంభాషణంతా ఇద్దరికీ సొంతం కాని ఇంగ్లీషులో కిందా మీదా పడుతూ నడిచేది. కంట్రోల్ రూములో ఆయన పేరే శుభోదయం గారు అయిపోయింది.

ఒకరోజు భోజనాల దగ్గర టవరమ్మ ఆయన్ని ఆకాశానికెత్తేసింది.

"సేవ అంటే అదీ బావా! టవర్లో ఏదో తేడా వచ్చిందని నేను ఫోను తీసేలోపే ఆయన లోపలికొచ్చి, సరిచేసి, వెళ్ళిపోయాడు. నేను అడగను కూడా అడగలేదు."

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అడక్కుండానే వచ్చాడా?"

"అదేగా చెప్తున్నా. ఎంత శ్రద్ధో చూడండి."

"ఎటు నుంచి వచ్చాడు?"

"పెట్టెలో వాళ్ళకో దారి ఉంటుంది. మరమ్మతుల కోసం. వాళ్ళ ఆఫీసులో కూర్చునే రావచ్చు."

"బాగుచెయ్యడానికి వచ్చినవాడు పాడుచెయ్యాలనుకున్నా ఆ దారినే రావచ్చుగా? ఎవరి మాటలైనా వినాలనుకున్నా రావచ్చుగా?"

టవరమ్మ నాలుక కరుచుకుంది. పప్పులో కాలేశానని అప్పటికి గానీ తెలియలేదు. తను మెచ్చుకోలుగా చెప్పిన కథ బావ చెవికి ఇంట్లో దొంగ పడ్డ కథలా వినిపించింది. తర్వాత ఆయన నివేదికలో మొట్టమొదటి ఉదాహరణ అదే అయి కూర్చుంది. "నీ పేరు రాయలేదులే," అని ఓదార్చాడు కూడా మహానుభావుడు. టవరమ్మ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. కాఫీ పొడి మాత్రం పట్టుకెళ్ళింది.

నిజం చెప్పొద్దూ, బావ మాటలో తప్పు లేదని ఆవిడకీ తెలుసు. శుభోదయం గారు మంచివాడే. కానీ రేపు ఆయన కుర్చీలో ఎవరు కూర్చుంటారో, కూర్చున్నవాణ్ణి పైవాళ్ళు ఏం చెయ్యమంటారో ఎవరు చెప్పగలరు? రెండు దేశాలకీ చెడితే ఆ దారి ఎవరి చేతిలో ఉన్నట్టు? ఇవన్నీ ఆలోచించుకుని, మనసు రాయి చేసుకుని, ఒక్కో టవరు మీదా పాత పెట్టె దింపించి కొత్త పెట్టె ఎక్కించడం మొదలుపెట్టింది.

టవర్లెక్కేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పెట్టె పనిచేస్తోందో లేదో చూడటానికి కంపెనీ ఒక నంబరు ఇచ్చింది. దానికి చేస్తే యంత్రం మాట్లాడుతుంది. ఆ నంబరుకి ఎవరూ చెయ్యరు. పెట్టె ప్రాణం పోసుకోగానే మొదటి కాల్ ఇంటికి. భార్యకో, అమ్మకో, ఒకాయనైతే పక్కింటివాళ్ళ ద్వారా తన కుక్కకి. టవరమ్మ ఎప్పుడూ అక్కకి చేస్తుంది. ఆసుపత్రిలో అక్కకి ఊపిరాడని పని. ఫోనెత్తి, ఈవిడ నోరు తెరవకముందే, "వినిపిస్తోంది, పెట్టెయ్!" అని పెట్టేస్తుంది. ఆ ఒక్క కేకతో టవరమ్మ కడుపు నిండిపోతుంది.

పని సాగేకొద్దీ ఆవిడకి ఇంకో భయం పట్టుకుంది. దింపిన ప్రతి చోటా ఎక్కుతున్నవి ఆ మిత్రదేశపు కంపెనీ పెట్టెలే.

"ఊరంతా ఒకే కంపెనీ అయితే ఎలా బావా? వాళ్ళ ఒక్క పెట్టెలో లోపముంటే అన్నిట్లోనూ అదే లోపం. ఒకటి పడితే అన్నీ పడతాయి. ఇంతకుముందు సగమైనా నిలబడేది."

"వాళ్ళు మనకి మిత్రులు."

"మిత్రులు పొరపాట్లు చెయ్యరా? మీరు నాకు మిత్రులు కారా? మొన్న నా గొడుగు పట్టుకుపోయి నన్ను నిలువునా తడిపారు."

"ఇంకో కంపెనీని తెస్తే దాన్నీ పరీక్షించాలి. దాని సాఫ్ట్‌వేర్లో ప్రతి మూలా వెతకాలి. నా దగ్గర ఉన్న నలుగురూ ఇప్పటికే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు. ఇంటికి ఎన్ని తలుపులుంటే అన్ని తాళాలు. సరిగ్గా చూడని రెండు తలుపులకంటే బాగా చూసిన ఒక్కటి నయం."

"ఇద్దరూ చెప్పేది నిజమే," అంది అక్క. "అందుకే ఇద్దరూ ముందు తినండి."

చివరికి గుట్ట ఒక్కటే మిగిలింది. టవరమ్మ కావాలనే దాన్ని చివరికి అట్టేపెట్టింది. ఆసుపత్రి అక్కడే, అక్క అక్కడే. గుట్ట మీద ఇంకో దేశపు చిన్న కంపెనీ పెట్టెలు పెట్టనివ్వమని అడిగింది. అది బావ ఆఫీసు ఒప్పుకోవాలి. వాళ్ళు తేల్చేదాకా పాత పెట్టెలు ఉండొచ్చు గానీ, శుభోదయం గారు వచ్చే దారి మాత్రం మూసెయ్యాలన్నాడు బావ. ఆవిడే వెళ్ళి తన చేత్తో ఆ దారికున్న కేబుల్ పీకేసింది. కంట్రోల్ రూము నుంచి ఆ టవర్ని చూసేదీ ఆ దారి గుండానే కాబట్టి, ఇక గుట్ట మీద ఏం చెయ్యాలన్నా మనిషి వెళ్ళాల్సిందే. భద్రత కావాలంటే ఆయాసం కూడా కావాలన్నమాట. మరోపక్క టవరమ్మ కంపెనీ పెద్దాయన చెవిలో జోరీగలా పోరుతున్నాడు. గడువులోగా రెండో కంపెనీకి అనుమతి రాకపోతే గుట్ట మీద కూడా అందరిలాంటి పెట్టెలే ఎక్కించెయ్యమన్నాడు. అక్క ఆసుపత్రి కూడా ఆ ఒక్క తాడుకే వేలాడుతుందన్న ఆలోచన వస్తే చాలు, టవరమ్మకి అన్నం సయించేది కాదు.

గడువు దగ్గర పడుతుండగా ఒక పొద్దున్న కంట్రోల్ రూములో తెర మొత్తం ఎర్రగా అయిపోయింది.

ఒకటీ అరా కాదు, నగరంలో టవర్లన్నీ ఒక్కసారే కళ్ళు తేలేశాయి. పెట్టెలు ఆరిపోవడం, వెలగడం, మళ్ళీ ఆరిపోవడం. టవరమ్మ టవర్లెక్కేవాళ్ళని పిలుద్దామని ఫోను తీసింది. సిగ్నల్ లేదు. బల్ల మీద తీగ ఫోనుంది గానీ, దానితో మాత్రం ఎవరికి చేస్తుంది? తన మనుషులందరి జేబుల్లోనూ ఉన్నవి తమ కంపెనీ ఫోన్లే, ఉచితంగా ఇచ్చారని మురిసిపోతూ తీసుకున్నవి. ఫోన్లు బాగుచేసేవాళ్ళు ఫోను పోతే ఎలా కలుసుకోవాలన్నది ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ ఆ ఫోను వంకే కాసేపు చూసింది.

అప్పుడు తెర మూల పటంలో గుట్ట మీదికి చూపు పోయింది. అక్కడ ఎరుపూ లేదు, పచ్చా లేదు. కేబుల్ తనే పీకింది కాబట్టి ఖాళీగా ఉంది. పాత పెట్టెలు! స్కూటరు తీసి గుట్టకి పరుగెత్తింది.

ఎక్కేసరికి ఆవిడ మనుషులంతా ముందే అక్కడున్నారు. ఎవరూ పిలవలేదు. సిగ్నల్ పోగానే ప్రతివాడికీ ఒకటే తోచింది, గుట్ట మీద ఫోను పనిచేస్తుందని. పైకొచ్చాక అలవాటు ఊరుకోనిస్తుందా? తలా ఒక కాల్ ఇంటికి. అవతల ఇళ్ళల్లో సిగ్నల్ లేదని అందరికంటే బాగా తెలిసినవాళ్ళు, కలవకపోతే మళ్ళీ నొక్కుతున్నారు, మళ్ళీ నొక్కుతున్నారు. వాళ్ళ వెనక సంగతి పసిగట్టిన జనం, ఆసుపత్రి గేటు నుంచి కిందిదాకా. ఉన్న ఒక్క టవరూ ఆ బరువుకి ఆపసోపాలు పడుతోంది.

ఆసుపత్రి మెట్ల మీంచి అక్క దాదాపు దూకుతూ వచ్చింది.

"ఏమే, ఏమిటిదంతా? ఇందాకటిదాకా మాకు బాగానే ఉంది. ఇప్పుడు డాక్టర్లకి ఫోన్లు కలవట్లేదు. బయటి ఊళ్ళ నుంచి అంబులెన్సులు వస్తున్నాయి, ఎవర్ని తెస్తున్నారో, ఏం సిద్ధం చెయ్యాలో తెలియట్లేదు!"

"ముందు మీ ఫోన్లు ఆపండయ్యా!" అని తన మనుషుల మీద అరిచింది టవరమ్మ. వాళ్ళు సిగ్గుపడి ఆపారు. జనం ఎందుకు ఆపుతారు?

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు, నడిచి. చొక్కా అంతా చెమట. పెళ్ళాం ఎలా ఉందో చూడ్డానికి వచ్చాడో, ఉద్యోగం మీద వచ్చాడో అడిగితే ఆయనా చెప్పలేడు. అక్కని చూశాక ఆయన ముఖం తేటపడింది. టవరమ్మ అప్పటికే పదే పదే నొక్కి మిత్రదేశపు కంపెనీ సాయం నంబరు పట్టుకుంది. బావ కూడా వినేలా స్పీకర్ పెట్టింది.

"కంగారు పడకండి మేడమ్," అంది అవతలి గొంతు తియ్యగా. "మేం పంపిన కొత్త సాఫ్ట్‌వేర్లో చిన్న లోపం. మా ఇంజనీర్లు ఇప్పటికే మీ టవర్ల లోపలికి వచ్చేశారు. మధ్యాహ్నానికల్లా పాతది తిరిగి పెట్టేస్తారు."

"కొత్త సాఫ్ట్‌వేరు పంపుతున్నామని మాకు చెప్పారా?"

"అవసరం లేదు కదండీ. ఒప్పందంలో ఉంది."

బావ ఫోను మీదికి వంగాడు. ఆయన గొంతు మారిపోయింది.

"అడక్కుండానే వచ్చారా?"

అవతలివాళ్ళు ఏదో చెప్తున్నారు. బావ వినడం లేదు. మరదలి వంక చూశాడు. ఇన్నాళ్ళ వాదనకి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు, టవరమ్మ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ ఆవిడకి ఆ క్షణాన గెలిచానన్న సంతోషం రాలేదు. తన టవర్లలో, తను ఒక్కో బోల్టూ దగ్గరుండి బిగించిన టవర్లలో, ఎవరో పరాయివాళ్ళు తిరుగుతున్నారు. ఆనాడు భోజనాల దగ్గర బావ చేతిలో ముద్ద ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం దాకా ఆగే వ్యవధి లేదు. మళ్ళీ నొక్కీ నొక్కీ శుభోదయం గారికి ఫోను కలిపింది. వాళ్ళతో ఒప్పందం ముగింపుకి వచ్చింది. ఎత్తకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఆయన ఎత్తాడు.

"శుభోదయం!"

ఈసారి నిజంగానే పొద్దున. ఆవిడకి నవ్వొచ్చినంత పనైంది. పరిస్థితి చెప్పింది. వీడియోలు ఆపేసి, మాటలకి దారివ్వాలి, అందులోనూ ఆసుపత్రి వాళ్ళకి ముందు ఇవ్వాలి. అవన్నీ ఎప్పుడూ ఆయనే చేసేవాడు, ఆవిడకి చేతకాదు.

"చాలా తేలిక," అన్నాడాయన. "మీరు కేబుల్ పెట్టండి. నేను వచ్చి చిటికెలో చేసేస్తాను."

కేబుల్ ఆవిడ సంచిలోనే ఉంది. బావ కేబుల్ వంక చూశాడు. మెట్ల మీద నర్సులతో కేకలేసి మాట్లాడుతున్న అక్క వంక చూశాడు.

"పెట్టెయ్," అన్నాడు నెమ్మదిగా. "ఉత్తర్వు రాసినవాణ్ణి నేనే చెప్తున్నా, పెట్టెయ్. ఏమన్నా అయితే నా మీద వేసుకుంటా."

తాళాల బావ నోట ఆ మాట రావడం ఆవిడ పుట్టాక వినలేదు.

"వద్దు బావా," అంది. ఫోన్లో ఆయనకీ అదే చెప్పింది. "మీరు రావద్దు. ఏం చెయ్యాలో చెప్పండి, నేను చేస్తాను."

ఆయనకి కష్టం వేస్తుందేమో అనుకుంది. ఆయన మాత్రం గొంతు సవరించుకుని, బడిలో మాస్టారిలా టైపు చెయ్యాల్సిన ఆదేశాల్లో మొదటి వరస చెప్పాడు.

టవరు కింది గదిలో టవరమ్మ ల్యాప్‌టాప్ ముందు నేల మీద కూర్చుంది. ఆయన చెప్పడం, ఆవిడ కొట్టడం, బావ వెనక నిలబడి పైకి చదవడం. "ఆగు, ఇదేం చేస్తుంది?" అని బావ ప్రతి వరసకీ అడ్డుపుల్ల. శుభోదయం గారు విసుక్కోకుండా వివరించడం. బావ "ఊఁ" అన్నాకే ముందుకి. చిటికెలో అయ్యే పని కాస్తా నత్తనడక నడిచింది. బావ ఒకచోట పట్టుకున్న అక్షరదోషం వల్ల టవరు మొత్తం ఆగిపోయేదని ఆయనే మెచ్చుకున్నాడు. బావ ముఖం చూడాలి అప్పుడు!

బయట వీడియోలు ఆగిపోయిన కుర్రకారు గొల్లుమన్నారు. ఆ గోల విని, పని అయిందని తెలిసింది. టవరమ్మ ఆనవాయితీ ప్రకారం మొదటి కాల్ చేసింది. ఆవరణకి అవతల అక్క ఫోనెత్తడం కిటికీలోంచి కనిపిస్తోంది.

"వినిపిస్తోంది, పెట్టెయ్!"

ఫోన్లోంచీ గాల్లోంచీ ఒకేసారి వినిపించిందా కేక. బావ గోడకి చేరగిలబడి పగలబడి నవ్వాడు.

మిగతా నగరం మధ్యాహ్నానికి కోలుకుంది. బావ ఆఫీసు ఆ నెలంతా కూర్చుని కొత్త నియమం రాసింది. ఏ దేశం వాళ్ళ పెట్టె అయినా సరే, మిత్రులదైనా కాకపోయినా, బయటి దారికి గడియ మన వైపే ఉండాలి. అడిగి, మనం తీస్తేనే రావాలి. గుట్ట మీదికి రెండో కంపెనీ రావడానికి అనుమతి దొరికింది. పరీక్షించేసరికి బావ మనుషులకి తల ప్రాణం తోకకొచ్చింది, పని ఆలస్యమైంది, గడువు దాటింది, కంపెనీ పెద్దాయన అలిగాడు. అన్నిటికీ బావే సమాధానం చెప్పుకున్నాడు. చైనా పెట్టెలు దింపక తప్పలేదు. ఒక మంచివాణ్ణి నమ్మి దేశం తాళాలు తీసిపెట్టుకోలేమని ఈసారి టవరమ్మే ఒప్పుకుంది.

ఆఖరి పెట్టె దిగిన సాయంత్రం, కొత్త పెట్టె నుంచి మొదటి కాల్ అక్కకి, రెండో కాల్ శుభోదయం గారికి చేసింది. కృతజ్ఞతలు చెప్పింది. ఇక పనిమీద ఫోన్లు చెయ్యనని చెప్పడం మాత్రం కష్టమైంది. ఆయన అర్థం చేసుకున్నాడు. "శుభోదయం," అని పెట్టేశాడు. పొద్దు గూకుతోంది.

ఇంటికొచ్చి, పైకెళ్ళి స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. కాఫీ పొడి లేదు. కిందికి దిగింది. చేతిలో తాళంచెవి ఉంది. ఎప్పటిలాగే తాళంలో పెట్టబోయి ఆగింది. ఒక క్షణం నిలబడి, తలుపు కొట్టింది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. బావ తలుపు తీశాడు. ఎదురుగా మరదల్ని చూసి తెల్లబోయాడు.

"నీ దగ్గర తాళంచెవి ఉందిగా?"

"ఉంది బావా."

ఆయన ఆవిడ చేతిలో తాళంచెవిని చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. పక్కకి జరిగి తలుపు బార్లా తీశాడు.

"రామ్మా," అన్నాడు. "కాఫీ ఇప్పుడే కలుపుతోంది మీ అక్క."